వార్తల్లో పదం: షేప్‌ఫైల్
డిజిటల్ పటాల్లో రోడ్లు, చెరువులు, పొలం హద్దులు భద్రపరిచే ఫార్మాట్ ఇది. అమెరికా సంస్థ ఎస్రి 1990లలో తెచ్చింది. పేరుకు ఒక్క ఫైలే గానీ కనీసం మూడుండాలి: ఆకృతులకు ఎస్‌హెచ్‌పీ, సూచికకు ఎస్‌హెచ్‌ఎక్స్, వివరాల పట్టికకు డీబీఎఫ్. ‘ఓపెన్’ విండోలో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే కనిపిస్తే, మెయిల్‌లోనూ అదొక్కటే పంపేస్తాం. అవతలివారికి పట్టికలోని ఊళ్ల పేర్లు అందవు.

‘సేవ్’లోనూ చిక్కుంది. పట్టికలో కాలమ్ పేరుకు పది బైట్లే హద్దు. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘గ్రామం’ అని పెడితే మధ్యలోనే తెగిపోతుంది.

ఈ చిక్కులు లేకుండా అన్నీ ఒకే ఫైలులో ఇమిడే జియోప్యాకేజ్‌ను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఓజీసీ 2014లో ప్రమాణంగా ప్రచురించింది. ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ మూడో వెర్షన్ నుంచి ‘సేవ్’ విండోలో ముందుగా కనిపించేది అదే.