టెస్టాచోలో ఒక గురువారం రాత్రి

రోమ్‌లోని టెస్టాచో కష్టజీవుల పేట. 1975 దాకా నగరపు పెద్ద కబేళా ఇక్కడే ఉండేది. అందులో పనిచేసేవాళ్లకు కూలిలో కొంత భాగం తోకలు, పేగుల రూపంలో ముట్టేది. డబ్బున్నవాళ్లు వద్దన్న ఆ మాంసంతోనే ఇక్కడి ఇల్లాళ్లు గొప్ప వంట పుట్టించారు. టమాటా, సెలరీ వేసి గంటల తరబడి ఉడికించే తోక కూర ఇప్పటికీ హోటళ్లలో దొరుకుతుంది.

నేను వెళ్లింది సందు మూలనున్న చిన్న హోటలుకి. గురువారం కాబట్టి పక్క బల్లవాళ్లంతా బంగాళదుంప న్యోక్కీ తెప్పించుకున్నారు. రోమ్‌లో అది ఆనవాయితీ. నా మనసు మాత్రం కాచో ఎ పెపే మీదే ఉంది. గొర్రెపాల పెకొరీనో చీజ్, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్లు, అంతే. వెన్న లేదు, క్రీమ్ లేదు. ఆ నీళ్లలోని గంజే చీజ్‌ను పాస్తాకి పట్టిస్తుంది. వేడి కాస్త ఎక్కువైతే చీజ్ ఉండలు కట్టేస్తుంది. అందుకే వంటాయన పెనం దించాకే చీజ్ చల్లి, ఆపకుండా కలపడం వంటగది కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మొదటి ముద్దకే మిరియం ఘాటు తెలిసింది. మన మలబారు మిరియాలు రెండువేల ఏళ్ల కిందటే ఓడలెక్కి ఈ ఊరు చేరాయి. డొమిషియన్ చక్రవర్తి కాలంలో వాటికోసం గోదాములే కట్టారు. అంత ఖరీదైన సరుకు నేడు పేదవాడి పళ్లెంలోకి రావడం నాకెంతో నచ్చింది.

తరవాత వెల్లుల్లి, పుదీనా జాతి ఆకు కూరి మగ్గించిన ఆర్టిచోక్ వచ్చింది. వసంతంలో వెళ్లేవాళ్లు దాన్ని వదలకండి.