ఆరవ రాయి ఊరు

ఒక ఇటలీ పటం సంపాదించి ముందు పెట్టుకోండి. ఫ్లోరెన్స్ నగరం పక్కన ‘సెస్తో’ అనే ఊరు కనిపిస్తుంది. మిలాన్ పక్కన చూడండి, అక్కడా ఒక సెస్తో! మిలాన్‌కు మరోవైపున ‘సెత్తిమో’, దూరాన టూరిన్ దగ్గర ఇంకో సెత్తిమో. ఏ దేవుడి పేరో, రాజు పేరో అనుకుంటున్నారా? కాదు. సెస్తో అంటే ‘ఆరవది’, సెత్తిమో అంటే ‘ఏడవది’. అంతే!

ఏమిటి ఆరవది? మైలురాయి. పూర్వం రోమనులు తమ రహదారుల వెంట మైలుకొక రాయి పాతారు. నగరం నుంచి ఆరవ రాయి దగ్గర వెలసిన పల్లెకు ఆ అంకెే పేరై నిలిచింది. రాళ్ళు చాలావరకు పోయినా పేర్లు పోలేదు.

రోమను సైనికుడు నడుస్తూంటే కుడికాలు మోపిన చోటి నుంచి మళ్ళీ కుడికాలు మోపే చోటి దాకా ఒక ‘పాసుస్’. అలాంటివి వెయ్యి అయితే ఒక మైలు. లాటిన్‌లో వెయ్యిని ‘మిల్లె’ అంటారు. ఆ మాటే ఇంగ్లీషు మీదుగా వచ్చి మనకు ‘మైలు’ అయింది. కిలోమీటర్లు వచ్చాక కూడా మనం మైలురాయి అనే అంటున్నాం గదా! అయితే రోమను మైలు సుమారు 1480 మీటర్లే. ఇంగ్లీషు మైలు 1609 మీటర్లు.

ఇప్పుడు లెక్క వెయ్యండి. ఆరు మైళ్ళంటే 8,880 మీటర్లు. పటం మీద బద్ద పెట్టి కొలిస్తే ఫ్లోరెన్స్ నడిబొడ్డు నుంచి సెస్తో 8 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. మిలాన్ నుంచీ దాదాపు అంతే. తగ్గిందేమిటంటారా? బద్ద తిన్నగా పోతుంది, దారి వంకరలు తిరుగుతుంది. కాని ఈశాన్యాన కొంకోర్దియా పట్టణం నుంచి లెక్కించిన మరో సెస్తో ఉంది. ఎనిమిదవ శతాబ్దంలో వెలసిన మఠం ఉన్న ఊరది. అక్కడ బద్ద 10 కిలోమీటర్లు చూపిస్తుంది! వంకరలతో దీన్ని సరిపెట్టలేం. నాటి రాయి ఉన్న చోటూ నేటి ఊరి నడిమధ్యా ఒకటే కానక్కరలేదు మరి.

జెనోవా సముద్రతీరాన ‘క్వార్తో’, ‘క్వింతో’ పక్కపక్కనే ఉన్నాయి: నాలుగవది, అయిదవది. 1860 మే నెలలో గారిబాల్డీ సుమారు వేయిమంది అనుచరులతో సిసిలీకి ఓడలెక్కింది ఈ క్వార్తో ఒడ్డునే. అందుకని 1911లో ఆ ఊరిని ‘క్వార్తో దెయ్ మిల్లె’గా మార్చారు, అంటే ‘వేయిమంది క్వార్తో’. మైలులో ఉన్న మిల్లె ఇదే.