తాళమును బిగించి చూచిన శాస్త్రము

యంత్రములోని ఒక కీలు ఏ పని చేయునో తెలియవలెనన్న, దానిని కదలకుండ బిగించి, యంత్రమునకేమి లోపము వచ్చునో చూచుట ఒక మార్గము. మెదడును గూర్చి శాస్త్రజ్ఞులు తెలిసికొనిన విషయములు కొన్ని ఈ మార్గముననే లభించినవి. గంజాయిని గూర్చిన పరిశోధన ఇందుకు నిదర్శనము.

గంజాయిలో మత్తు కలిగించు ముఖ్య పదార్థమును 1964లో ఇజ్రాయెల్ దేశమున మెకౌలం, గావోని యను రసాయనశాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. దానిని సంగ్రహముగా టి.హెచ్.సి. యందురు. దీనినిచ్చిన చిట్టెలుకలు మందకొడిగా తిరుగును. వాటి ఒంటి వేడి తగ్గును. నొప్పి అంతగా తెలియదు. ఉంచిన భంగిమలోనే కదలక నిలుచును. 1988లో అమెరికాలో హౌలెట్, డివేన్ మొదలగువారు ఎలుక మెదడులో ఇట్టి పదార్థములు వచ్చి తగులుకొను స్థానములు కలవని నిరూపించిరి. వీనికి గ్రాహకములని పేరు. గ్రాహకము తాళమైనచో, టి.హెచ్.సి. దానికి సరిపోవు తాళపుచెవి.

ఎక్కడనో మొలచిన మొక్కకు సరిపోవు తాళము మెదడులో ఏల యుండవలెను? శరీరమే తనకొక తాళపుచెవిని చేసికొనుచుండవలెనని వెదకగా, 1992లో జెరూసలేము నగరమున పంది మెదడునుండి అది లభించినది. దానికి ‘ఆనందమైడు’ అని పేరిడిరి. ఇందలి తొలి భాగము సంస్కృతమునుండి గ్రహించిన ఆనంద శబ్దమే. తెలుగు బోధించు మాకిది విశేషముగా తోచినది.

1994లో ఫ్రాన్సు దేశపు సనోఫీ సంస్థవారు ‘రిమోనబాంట్’ అను నిరోధకమును వెల్లడించిరి. ఇది తాళములో దూరును గాని తాళమును తెరువదు. వేరొక తాళపుచెవిని దూరనీయదు. ముందుగా దీనినిచ్చిన జంతువులలో టి.హెచ్.సి. ప్రభావము అణగిపోయినది. గంజాయి ప్రసక్తి లేకయే దీనినీయగా, జంతువులు తక్కువగా తినినవి. 2001లో ఎస్తేర్ ఫ్రైడ్ మొదలగువారు అప్పుడే పుట్టిన చిట్టెలుక కూనలకు దీనినిచ్చిరి. అవి తల్లిపాలు త్రాగక కొలది దినములలో మరణించినవి. మఱియొక ప్రయోగము 2002లో జర్మనీలో జరిగినది. ఒక శబ్దము వినిపించి చిట్టెలుకల పాదములకు విద్యుత్తు తగిలించిరి. పిదప శబ్దమును మాత్రమే వినిపించుచు వచ్చిరి. మామూలు చిట్టెలుకలు క్రమముగా భయము విడిచినవి. తాళము మూతపడినవి అంత సులభముగా విడువలేదు.

రిమోనబాంటును 2006లో ఐరోపాలో స్థూలకాయమునకు మందుగా అనుమతించిరి. బరువు తగ్గినది, కాని కొందరిలో దిగులు, ఆందోళన, ఆత్మహత్యా చింతయు కనబడినవి. 2008లో దాని అమ్మకమును నిలిపివేసిరి. చిట్టెలుక తినిన గింజలను తూచవచ్చును. దాని దిగులును తూచు త్రాసు లేదు. భయము విడువని ఆ చిట్టెలుకలు మాత్రము ఒక సూచన చేసియుండెను.

విద్యార్థులును, తలిదండ్రులును ఇందు గమనింపదగినది ఒకటి కలదు. శరీరము తన తాళపుచెవిని వలసినచోట, వలసినపుడు చేసికొని, త్వరలోనే విరిచివేయును. గంజాయి పదార్థమో, మెదడంతటను ఒక్కసారిగా వ్యాపించి, చాలసేపు నిలుచును. పదునైదు, పదునాఱేండ్ల ప్రాయమున మెదడింకను రూపొందుచునే యుండును. “ఆకే గదా, ఏమగును?” అని చేయి చాచు స్నేహితునకు మనము చెప్పవలసిన సమాధానమిదియే: ఆకలి, భయము, జ్ఞాపకము అను గదుల తాళములతో ఆటలాడరాదు.