ఆతిథ్య నగరాన్ని ఎంచేది పచ్చిక

2017 అక్టోబరు 28 రాత్రి కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ చూసినవాళ్లు 66,684 మంది. 2011 జనగణనలో మన పుత్తూరు పట్టణ జనాభా 54 వేల పైచిలుకు. చంటిపిల్లలతో సహా ఊరు ఊరంతా వెళ్లి కూర్చున్నా, ఇంకా పన్నెండు వేలమందికి చోటుండేది.

ఆ పోటీలు జరిగిన నగరాలు ఆరు: ఢిల్లీ, కోల్‌కతా, కొచ్చి, గువాహటి, నవీ ముంబయి, గోవాలోని మడ్గావ్. మనకు దగ్గరైన చెన్నై గానీ, బెంగళూరు గానీ, హైదరాబాదు గానీ అందులో లేవు. మరి ఆతిథ్య నగరాన్ని దేన్ని చూసి ఎంచుతారు?

ముందుగా, ఆరే ఎందుకు? 24 జట్లు, 52 మ్యాచ్‌లు, 23 రోజులు. ఆరు ఊళ్లకు పంచితే ఒక్కో మైదానానికి సుమారు తొమ్మిది మ్యాచ్‌లు. రెండే ఊళ్లలో పెడితే ఒక్కోదాని మీద 26 పడతాయి. తెరిపి లేకుండా పంట తీస్తే మడి అలిసిపోయినట్టే పచ్చికా అలిసిపోతుంది. తెగిన గడ్డి మళ్లీ వేరూనడానికి రోజులు కావాలి. అలాగని ఇరవై ఊళ్లలో పెడితే ఖర్చు, కాపలా, ప్రయాణాలు అన్నీ పెరుగుతాయి.

ఆ మైదానం ఎంత ఉంటుంది? 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఎకరా 76 సెంట్లు. గీతల బయట ఆటగాళ్లు పరుగెత్తడానికి వదిలే జాగా కూడా కలిపితే రెండున్నర ఎకరాలు దాటుతుంది. అంత నేలా చదునుగా ఉండాలి, వాన పడితే నీళ్లు ఇంకిపోవాలి. గుంతలో కాలు పడి మడమ మెలిపడితే ఏమవుతుందో, ఎముకల కట్టు కోసం వచ్చేవాళ్లను రోజూ చూసే మన ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కుర్చీలుంటే చాలదా? చాలదని గువాహటి చెబుతోంది. బ్రెజిల్, ఇంగ్లండ్ సెమీఫైనల్ అక్కడే జరగాలి. వానలకు మైదానం పాడవడంతో, ఆటకు రెండు రోజుల ముందు దాన్ని కోల్‌కతాకు మార్చారు. అంత తక్కువ వ్యవధిలోనూ అక్కడ 63 వేలమందికి పైగా చూశారు. కుర్చీలు, జనం, పోలీసులు, హోటళ్లు అన్నీ సిద్ధంగా ఉన్నా, గడ్డి కుదరక గువాహటి సెమీఫైనల్ పోగొట్టుకుంది. సాల్ట్‌లేక్‌లో ఈ పోటీల కోసమే కృత్రిమ పచ్చికను, అంటే ప్లాస్టిక్ పోగుల పరుపును, తీసేసి అసలు గడ్డి వేశారు.

స్టేడియం ఒక్కటి బాగుంటే సరిపోతుందా? 24 జట్లను ఆరు ఊళ్లకు పంచితే ఊరికి నాలుగు. జట్టుకు 21 మంది చొప్పున 84 మంది పిల్లలు. శిక్షకులు, వైద్యులు వేరు. వీళ్లంతా మ్యాచ్ లేని రోజుల్లోనూ ఆడాలి. ఆ సాధన స్టేడియంలోనే చేస్తే పచ్చికకు విశ్రాంతి ఉండదు. అందుకే అదే నాణ్యతతో సాధన మైదానాలు విడిగా కావాలి.

జనం సంగతి? తిరుమలలో రోజుకు 60, 70 వేలమందికి దర్శనం అవుతుంది. కంపార్ట్‌మెంట్లలో ఆగుతూ, రాత్రీపగలూ సాగే వరస అది. స్టేడియంలో అంతమందీ ఆట ముగియగానే ఒక్కసారి లేస్తారు. కాబట్టి ఎందరు కూర్చోగలరన్నది ఒక లెక్క, ఎందరు క్షేమంగా బయటపడగలరన్నది ఇంకో లెక్క. కొచ్చిలో భద్రత కోసం ప్రేక్షకుల సంఖ్యను 29 వేలకు కుదించారు.

పెద్దల ప్రపంచకప్‌కు? 2026 పోటీలకు 48 జట్లు, 104 మ్యాచ్‌లు, 16 నగరాలు. ఊరికి సగటున ఆరున్నర మ్యాచ్‌లు. నగరాల పేర్లను నాలుగేళ్ల ముందే, 2022 జూన్ 16న ప్రకటించారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, న్యూజెర్సీ నాలుగూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ నాలుగు చోట్ల స్టేడియాల్లోనూ మామూలుగా ఉండేది కృత్రిమ పచ్చికే. ప్రపంచకప్ ఆడాలంటే అక్కడా అసలు గడ్డి పరచాల్సిందే.

ఇంత ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్నే షికాగోను ఆపింది. పన్ను కట్టేవాళ్ల మీద ఎంత భారం పడుతుందో తేలడం లేదని 2018లో ఆ నగరం ఆతిథ్య పోటీ నుంచి తప్పుకుంది. అంత పెద్ద నగరం కూడా లెక్క తేలకుండా అడుగు వేయలేదు.

మరి మనకు దారి లేదా? ఉంది, చిన్న మెట్టు నుంచి. 2024 సెప్టెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో భారత్, సిరియా, మారిషస్ జట్లతో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. మూడు జట్లు, మూడే మ్యాచ్‌లు. ఒక్క మైదానం సరిపోయింది. సిరియా కప్పు తీసుకెళ్లింది. నవంబరులో అదే మైదానం మీద భారత్, మలేసియా ఆడాయి.

మన పక్కనున్న తిరుపతికి విమానాశ్రయం ఉంది, రైళ్లున్నాయి, లక్షలమంది యాత్రికులకు పడక చూపిన అనుభవం ఉంది. పెరగాల్సింది గడ్డి. మన దగ్గర సాయంత్రమైతే పిల్లలు రెండు ఇటుకలు పెట్టి వాటి మధ్యే గోల్ అనుకుని, ఎర్రమట్టి రేగుతుండగా చెప్పులు విప్పి ఆడతారు. ఆ నేలలో ఎకరా 76 సెంట్లు చదును చేసి, బోరు నీళ్లతో పచ్చిక పెంచి, నాటిన మడిని కాచుకున్నట్టు కాచుకుంటే, ముందు ఆ పిల్లల మోకాళ్లు దక్కుతాయి. అలాంటివి నాలుగు చుట్టూ ఉన్నప్పుడే ఏ నగరమైనా మా ఊళ్లో ఆడండని అడగగలిగేది.