రెండు కొత్తగూడలు

హైదరాబాదులో ఎవరైనా "మీదే ఊరండీ?" అని అడిగితే నాకు చిన్న చిక్కు వచ్చిపడుతుంది. "కొత్తగూడ" అంటాను. "ఓహో, కొండాపూర్ పక్కన! అక్కడ గజం ఎంత పలుకుతున్నదండీ?" అని అవతలివారి కళ్ళు పెద్దవవుతాయి. ఆ కొత్తగూడ కాదు మహాప్రభో, మాది మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ అని విడమరచి చెప్పేసరికి ఆ కళ్ళు మళ్ళీ మామూలు కొలతకు వస్తాయి.

నిజమే. ఆ కొత్తగూడ హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో, బొటానికల్ గార్డెన్ పక్కన ఉన్నది. అక్కడ అన్నీ అద్దాల మేడలు. మా కొత్తగూడకు వెళ్ళాలంటే నర్సంపేట దాటాలి, పాకాల అడవి దాటాలి. ఆ తర్వాత కోయగూడేలు, లంబాడి తండాలు, వరిమళ్ళు, పత్తిచేలు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మాది వరంగల్ జిల్లా. పేరు ఒకటే అయినా ఒక కొత్తగూడనుంచి రెండో కొత్తగూడకు సూటిగా దారి లేదు. మధ్యలో అమీర్‌పేటలో దిగాలి. ఆ అమీర్‌పేటలోనే పదిహేనేళ్ళకు పైగా నేను పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను.

అమీర్‌పేట సంగతి పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఆకాశం కనబడదు, బోర్డులు కనబడతాయి. జావా, ఒరాకిల్, టెస్టింగు, లినక్సు, క్లౌడు. 1990ల చివర, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న గాభరాలో అమెరికాకు కోబాల్ తెలిసినవాళ్ళు కావలసివచ్చారు. ఆ రోజుల్లో యిక్కడ కోబాల్ నేర్పారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత గాలి ఎటు వీస్తే అమీర్‌పేట బోర్డులు అటు తిరిగాయి. ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్లెక్కే పిల్లలలో సగంమంది చేతుల్లో కరపత్రాలు, మిగతా సగంమంది కళ్ళల్లో అప్పులు!

నేను 2005లో అక్కడ దిగాను. డిగ్రీ పట్టా సంచిలో ఉన్నది. మా నాయన అడిగాడు: "డిగ్రీ అయిపాయె గదా బిడ్డా, మల్ల ఇంకో పరీక్ష ఎందుకు?" అప్పుడు నాకు జవాబు తెలియలేదు. ఇప్పుడు చెప్పగలను.

కాలేజీ పట్టా విశ్వవిద్యాలయం యిస్తుంది. ఈ సర్టిఫికేషన్ పరీక్షను మాత్రం యంత్రాన్నో, ప్రోగ్రామునో తయారుచేసిన కంపెనీయే పెడుతుంది. "మా సరుకును నడపడం ఇతనికి వచ్చును" అని కంపెనీవారు వ్రాసియిచ్చే కాగితమన్నమాట. మైక్రోసాఫ్టు ఇటువంటి పరీక్షలు 1992లో మొదలుపెట్టింది. సిస్కో కంపెనీ తొలిమెట్టు పరీక్ష సి.సి.ఎన్.ఏ. 1998లో వచ్చింది. మా ఊళ్ళో పదోతరగతి సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పెడితే మనవలదాకా నిలుస్తుంది. సి.సి.ఎన్.ఏ. కాగితానికి మూడేళ్ళే ఆయుర్దాయం. ఆపైన మళ్ళీ అర్హత చూపించుకోవాలి. ఒక్కోసారి మనిషికంటె ముందు కాగితమే అంతరించిపోతుంది. మైక్రోసాఫ్టువారి ఎం.సి.ఎస్.ఇ. అంటే ఒకప్పుడు పెళ్ళిసంబంధాలలో కూడా చెప్పుకునేవారు. 2021 జనవరితో దానికి మంగళం పాడారు.

పరీక్షగది కూడా వింతే. బడిలోవలె తెలిసిన ప్రశ్నలు ముందు, తెలియనివి వెనుక అంటే కుదరదు. సి.సి.ఎన్.ఏ.లో ఒక ప్రశ్న దాటితే వెనక్కు రానివ్వరు. ఏరు దాటినట్టే. నేను మొదటిసారి మూడో ప్రశ్న దగ్గర పదిహేను నిమిషాలు ఈదాను. చివరి ప్రశ్నలు చూడకుండానే గడువు తీరిపోయింది. తప్పాను. రెండోసారి నెగ్గాను. ఉద్యోగం వెతుక్కోబోయి పాఠాలు చెప్పడంలో స్థిరపడ్డాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ఈ విద్యకు "డంపులు" అనే చీడ ఒకటి ఉన్నది. పరీక్ష వ్రాసివచ్చినవాళ్ళు గుర్తుంచుకున్నవో, దొంగిలించినవో ప్రశ్నలు, జవాబులతో సహా చేతులు మారుతూ ఉంటాయి. వాటిని బట్టీపడితే పాసు. ప్రశ్నలు బయటపెట్టనని పరీక్షకు ముందు ప్రతివాడూ ఒప్పుకోవలసిందే. పట్టుబడితే సర్టిఫికెట్టు రద్దు చేస్తారు, మళ్ళీ పరీక్షకు రానివ్వకపోవచ్చు కూడాను. అయినా చీడ చావదు. ఎందుకంటే, "మా దగ్గర అందరూ పాసు" అన్న బోర్డుకు అదే ఎరువు.

2012లో నా క్లాసులో అరవైమంది ఉండేవారు. వారిలో ఒకడు మా వైపువాడు, గంగారం దగ్గరి గూడెంనుంచి వచ్చిన కోయ పిల్లవాడు. వాళ్ళ నాయన ఎడ్లజత అమ్మి ఫీజు కట్టాడు. పిల్లవాడు నెమ్మదస్థుడు. ప్రతిదీ "ఎందుకు సారూ?" అని అడిగేవాడు. నాకేమో సిలబసు ముగించాలన్న తొందర. "ఎందుకన్నది తరవాత, ముందు యిది చదువు" అని ఒక రాత్రి డంపుల కట్ట చేతిలో పెట్టాను. ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను సుమా! ఎడ్లు తిరిగిరావాలి గదా.

పరీక్ష నలభై నిమిషాలలో ముగించి నవ్వుతూ వచ్చాడు. క్లాసులో అందరికంటె ఎక్కువ మార్కులు. మిఠాయి పంచాము. పదిహేను రోజుల తరువాత ఒక కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్ళాడు. అక్కడి పెద్దమనిషి కాగితంమీద ఒక అడ్రసు వ్రాసి, "ఇది ఏ సబ్‌నెట్టులోది?" అని అడిగాడట. సి.సి.ఎన్.ఏ.కు అది ఓనమాలవంటి ప్రశ్న. పిల్లవాడికి చెమటలు పోశాయి. ఆయన మార్కుల కాగితం చూచి, పిల్లవాడి ముఖం చూచి, చిన్నగా నవ్వి, "మంచిది, వెళ్ళిరా" అన్నాడట.

ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చాడు. తిట్టలేదు, ఏడవలేదు. "సారూ, మీరు నాకు జవాబులు చెప్పిన్రు గని సదువు చెప్పలే" అన్నాడు. మరునాడు హాస్టలు ఖాళీచేసి ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ట్రాక్టరు నడుపుతాడు. ఎదురైతే "బాగున్నరా సారూ" అని మర్యాదగానే పలకరిస్తాడు. ఆ మర్యాదను భరించడం కష్టం.

ఆ మాట తరువాత నేను డంపులు ముట్టలేదు. యజమాని, "పిల్లలు పక్క బిల్డింగుకు పోతారయ్యా" అన్నాడు. పోయారు. అరవై పద్నాలుగయింది. నేనే బయటికి వచ్చి చిన్నగది అద్దెకు తీసుకున్నాను.

ఇక పాఠం మార్చాలి. సబ్‌నెట్టింగు అనగానే పిల్లలు బెదురుతారు. నిజానికి అది మా ఊళ్ళో అందరికీ తెలిసిన వ్యవహారమే. ఇలా చూడండి. ఒక ఊళ్ళో 0 నుంచి 255 దాకా 256 ఇంటినంబర్లు ఉన్నాయి. ఊరిని నాలుగు గూడేలుగా విడగొట్టాము. గూడేనికి 64 నంబర్లు. మొదటి గూడెం 0 నుంచి 63, రెండోది 64 నుంచి 127, మూడోది 128 నుంచి 191, నాలుగోది 192 నుంచి 255. ప్రతి గూడెంలోనూ మొదటి నంబరు ఎవరి యింటికీ ఇవ్వరు; అది గూడెం పేరు. చివరి నంబరూ యివ్వరు, అది దండోరా. ఆ నంబరుకు కబురు పంపితే డప్పు కొట్టినట్టు గూడెమంతా వింటుంది. ఇక మిగిలిన ఇళ్ళు 62. అయితే 70వ నంబరువాడు ఏ గూడెం? రెండోది. గూడెం పేరు 64, దండోరా 127. అంతే! ఆ పిల్లవాడిని కంపెనీవారు అడిగినది యింతే. దీనికి ఎడ్లు అమ్మనక్కరలేదు.

"దండోరా సారు" అని పిల్లలు నాకు పేరు పెట్టారు. సంతోషమే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అమీర్‌పేట హాస్టళ్ళు రెండురోజులలో ఖాళీ అయ్యాయి. ఎప్పుడూ భుజాలు రాసుకుంటూ నడిచే ఆ సందులలో కుక్కలు నిద్రపోయాయి. పాఠాలు ఫోనులోకి వెళ్ళాయి. ఆ క్లాసులో మా కొత్తగూడ అమ్మాయి ఒకతె ఉన్నది. నర్సంపేటలో డిగ్రీ చదివింది. ఇంట్లో సిగ్నలు అందదు. చెరువుకట్ట ఎక్కి, చింతచెట్టు క్రింద కూర్చుని వినేది. యంత్రాలు లేకపోయినా సిస్కోవారి ప్యాకెట్ ట్రేసర్ అనే ఉచిత ప్రోగ్రాములో బొమ్మ రౌటర్లు కలిపి అభ్యాసం చేయవచ్చు. అన్నగారి పాత లాప్‌టాపుమీద ఆ పిల్ల కలిపింది, తెంచింది, మళ్ళీ కలిపింది.

పరీక్షలు ఇంటినుంచే వ్రాయవచ్చునన్నారు. కాని నిబంధనలు చూడండి: గదిలో ఒక్కరే ఉండాలి, కెమేరా కన్ను మూయకూడదు, ఎవరైనా లోపలికి వస్తే పరీక్ష రద్దు కావచ్చు. రెండుగదుల యిల్లు. మేక వస్తుంది, కోడి వస్తుంది, "అన్నం తిన్నవా బిడ్డా" అంటూ నాయనమ్మ వస్తుంది! ఇల్లు కుదరక, రాకపోకలు తెరిచాక హైదరాబాదు వచ్చి సెంటరులో వ్రాసింది. తప్పింది.

తప్పినవాళ్ళు ఐదురోజులాగి మళ్ళీ వ్రాయవచ్చును. అయితే పరీక్షఫీజు 300 డాలర్లు. పన్నుతో కలిపి పాతికవేలు దాటుతుంది. ఆ డబ్బు ఐదురోజులలో ఎక్కడినుంచి వస్తుంది? నేను సగం యిస్తానన్నాను. "వద్దు సారూ, పత్తి ఏరుడు మొదలైంది" అని ఊరికి వెళ్ళింది. పగలు కూలి, రాత్రి ప్యాకెట్ ట్రేసర్. ఎవరో డంపులు పంపుతామన్నారట. నాకు ఫోను చేసి, "అవి సదివితే పాసైత గని, ఆడ అడిగితే ఏం జెప్పాలె?" అంది. ఆ ప్రశ్న ఆమె నన్ను అడుగుతున్నది. నాకు మాత్రం గంగారం పిల్లవాడి గొంతు వినబడింది.

కూలిడబ్బు, వాళ్ళమ్మ సంఘంలో తెచ్చిన అప్పు కలిపి ఫీజు కట్టింది. నెగ్గింది. ఇంటర్వ్యూలో మామూలు ప్రశ్నే అడిగారు. నాలుగు గూడేలు గీసి, దండోరాతో సహా చెప్పిందట. అడిగినాయన పగలబడి నవ్వి, "ఎవరమ్మా నీకు చెప్పింది?" అన్నాడట.

ఈ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు నేను చెప్పేది యింతే. కంపెనీ పేరు చూచి కాదు, చేయబోయే పని చూచి పరీక్ష ఎంచుకోండి. రెడ్‌హ్యాట్‌వారి లినక్సు పరీక్షలో టిక్కులు పెట్టేది ఉండదు. ఎదుట యంత్రం పెట్టి చేసిచూపమంటారు, 300కు 210 రావాలి. ప్రతి పరీక్షకూ అలాగే తయారుకండి. "ఎందుకు?" అని అడిగితే విసుక్కునే మాస్టారు దొరికితే, ఆ మాస్టారిని మార్చండి.

ఆ అమ్మాయి యిప్పుడు నెట్‌వర్కు సపోర్టులో పనిచేస్తున్నది. ఎక్కువగా రాత్రి డ్యూటీలు. మొన్న పండుగకు మా ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళ నాయనమ్మ నన్ను ఆపి అడిగింది: "పిల్ల యాడుంటదయ్యా?"

"కొత్తగూడలోనే అవ్వా" అన్నాను.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూచింది. "మరి రోజూ ఇంటికి రాదేంది?" అన్నది.