పచ్చబొట్టు శిష్యరికం

పచ్చబొట్టు శిష్యరికం అనగా పచ్చబొట్టు (టాటూ) వేసే విద్యను ఒక గురువు దుకాణంలో పనిచేస్తూ నేర్చుకునే పద్ధతి. అమెరికా, ఐరోపా, జపాను దేశాలలో ఈ విద్య ప్రధానంగా ఈ మార్గంలోనే ఒక తరం నుండి మరొక తరానికి అందుతూ వచ్చింది. కళాశాల పట్టాలకు ఇందులో పెద్దగా విలువ లేదు. చిత్రలేఖనం, ముద్రణకళ, శిల్పం వంటి కళలలో ఇదివరకే ఆరితేరినవారు ఈ వృత్తిలోకి రాదలచినప్పుడు ఒక విచిత్రమైన స్థితి ఏర్పడుతుంది. బొమ్మ గీయడంలో గురువును మించినవారు కూడా నేల ఊడ్వడంతోనే ప్రారంభించవలసి వస్తుంది. ఈ వ్యాసం ముఖ్యంగా అటువంటివారిని గురించినది.

నేపథ్యం

న్యూయార్కుకు చెందిన శామ్యూల్ ఓ'రైలీ 1891లో విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. అంతకుముందు థామస్ ఎడిసన్ కాగితంపై రంధ్రాలు వేసి నకళ్ళు తీయడానికి రూపొందించిన విద్యుత్ కలమే దీనికి మూలం. యంత్రం వచ్చిన తరువాత ఓడరేవుల వద్ద, సైనిక స్థావరాల వద్ద దుకాణాలు వెలిశాయి. గోడకు అతికించిన నమూనా బొమ్మలలో (వీటిని ఫ్లాష్ అంటారు) ఒకదానిని నావికుడు ఎంచుకొనేవాడు, పనివాడు దానిని వేసేవాడు. సూదులను అతికే విధానం, రంగులు కలిపే పాళ్ళు వంటివి వృత్తి రహస్యాలు. పోటీదారుని తయారుచేసుకోవడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. కొత్తవారిని తిప్పిపంపే అలవాటు అప్పటి నుండే ఉన్నది.

బయటి నుండి వచ్చినవారిలో శామ్యూల్ స్టీవార్డ్ (1909-1993) ఒకడు. ఇతడు చికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్య ఆచార్యుడు. మొదట తపాలా ద్వారా నడిచే పాఠాలతో కొంత నేర్చుకొని, తరువాత మిల్వాకీ నగరంలోని ప్రముఖుడు ఆమండ్ డీట్‌జెల్ వద్ద మెళకువలు గ్రహించాడు. 1956లో ఆచార్య పదవి పోయిన తరువాత 'ఫిల్ స్పారో' అనే పేరుతో ఇదే వృత్తిగా జీవించాడు.

డాన్ ఎడ్ హార్డీ

1945లో జన్మించిన హార్డీ కాలిఫోర్నియాలో పెరిగాడు. చిన్నతనంలోనే తోటి పిల్లల చేతులపై రంగు పెన్సిళ్ళతో పచ్చబొట్ల బొమ్మలు గీసేవాడు. శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ముద్రణకళ అభ్యసించి 1967లో పట్టా పొందాడు. యేల్ విశ్వవిద్యాలయంలో పై చదువుకు అవకాశం వచ్చినా వదలుకొని, అప్పటికి ఓక్‌లాండ్‌కు తరలివచ్చిన స్టీవార్డ్ వద్ద పచ్చబొట్టు పని నేర్చుకున్నాడు. ఆనాటి కళాలోకం దృష్టిలో ఇది మెట్టు దిగడమే.

హార్డీ అభ్యసించిన ముద్రణ విధానంలో లోహపు పలకపై సూదితో గీతలు గీస్తారు. గీత ఎంత లోతు, ఎంత మందం అన్న ఆలోచన ఆ కళలో మొదటి రోజు నుండే ఉంటుంది. తైలవర్ణ చిత్రకారునికంటే ఇతనికి మారడం కొంత తేలిక అయ్యిందని అనుకోవచ్చు. హవాయిలో స్థిరపడిన 'సెయిలర్ జెర్రీ' కాలిన్స్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, 1973లో జపానులోని గిఫు నగరానికి వెళ్ళి హొరిహిదే వద్ద కొన్ని నెలలు పనిచేశాడు. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో 'రియలిస్టిక్ టాటూ' అనే దుకాణం తెరిచాడు. అక్కడ ముందుగా సమయం తీసుకొని వచ్చినవారికి, వారి కోసమే గీసిన బొమ్మను వేసేవారు. కళాశాలలో నేర్చిన విద్య వృత్తి స్వరూపాన్నే మార్చడానికి ఇది మంచి ఉదాహరణ. 2019లో శాన్ ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం ఇతని కృతులతో పెద్ద ప్రదర్శన నిర్వహించింది. నేడు చాలామందికి ఇతని పేరు చొక్కాల మీది ముద్రగా మాత్రమే తెలియడం కొంత విచారకరం.

చర్మం అనే మాధ్యమం

చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోతుంది. కాబట్టి రంగు దాని క్రింది పొరను, అనగా ఉపరితలం నుండి సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్ల లోతును, చేరాలి. సూది పైపైన ఆడితే బొమ్మ మానేటప్పుడే రాలిపోతుంది. మరీ లోతుకు దిగితే రంగు క్రిందనున్న కొవ్వులోకి పాకి గీత చుట్టూ నీలి మరక ఏర్పడుతుంది. చేరిన రంగును మాక్రోఫేజ్‌లు అనే కణాలు మింగి పట్టి ఉంచుతాయి. అవి చనిపోయి వదలిన రంగును కొత్త కణాలు అందుకుంటాయని ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఎలుకలపై పరిశోధించి 2018లో ప్రకటించారు.

కాగితం కదలదు, చర్మం సాగుతుంది, వణుకుతుంది, రక్తం కారుతుంది. పక్కటెముకల మీది చర్మం వేరు, మోచేతి మీది చర్మం వేరు. ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకొని మరొక చేత్తో గీయాలి. అనుభవజ్ఞుడైన చిత్రకారుని చేతికి అలవాటు లేనిది ఈ మొదటి చేతి పనే. కాలక్రమంలో గీతలు కొంత వెడల్పవుతాయి గనుక, కాగితంపై ముచ్చటగా కనిపించే సన్నని వివరాలు పదేళ్ళకు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తైలవర్ణాలలో చీకటిపై వెలుగును పూయవచ్చు. ఇక్కడ అది సాధ్యం కాదు. తెల్ల కాగితాన్ని వెలుగుగా వదిలే నీటిరంగుల చిత్రకారునికి ఈ పద్ధతి పరిచితమే. అయితే కాగితానికి బదులు చర్మం రంగే వెలుగు. చామనఛాయ చర్మంపై పసుపు, లేత గులాబీ వంటివి అంతగా తేలవు.

గురువును వెదకడం

గురువు ముందుగా చూసేది చిత్రాల సంపుటి. అందులో భారీ తైలవర్ణ చిత్రాల ఛాయాచిత్రాలకంటే, శుభ్రమైన గీతలతో పూర్తిచేసిన బొమ్మలు, అక్షరాలు, చేతితో రంగులు వేసిన ఫ్లాష్ పుటలు ఎక్కువ పనికివస్తాయి. తన శైలి ఒక్కటే కాక, అడిగినది గీయగలడా అన్నది ముఖ్యం, ఎందుకంటే బొమ్మ చివరకు కొనుగోలుదారునిది. ముందుగా ఆ దుకాణంలో తానే పచ్చబొట్టు వేయించుకోవడం, రద్దీ లేని వేళ వెళ్ళి అడగడం మర్యాదగా భావిస్తారు. ఇంట్లో యంత్రం కొని స్నేహితులపై ప్రయోగించినవారిని చాలామంది గురువులు చేర్చుకోరు. అలా అబ్బిన చెడ్డ అలవాట్లను మాన్పించడం కష్టమన్నది ఒక కారణం కాగా, కాలేయవాపు వంటి రోగాలు సోకే ప్రమాదం మరింత పెద్ద కారణం. కాలేయవాపు కేసుల కారణంగానే న్యూయార్కు నగరం 1961లో పచ్చబొట్లను నిషేధించింది; ఆ నిషేధం 1997 వరకు కొనసాగింది.

సాధారణంగా శిష్యరికం ఒకటి నుండి మూడేళ్ళు. తరచుగా జీతం ఉండదు, కొన్నిచోట్ల శిష్యుడే రుసుము చెల్లించాలి. శుభ్రం చేయడం, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరితో పరికరాలను శుద్ధి చేయడం, నమూనాను చర్మంపైకి దించే కాగితాలు సిద్ధం చేయడం తొలి నెలల పని. తరువాత సిలికాన్ చర్మంపై, పంది చర్మంపై సాధన. ఆపైన తన కాలిమీద. నలభై ఏళ్ళ వయసులో, కుటుంబ బాధ్యతలతో వచ్చిన చిత్రకారునికి జీతం లేని ఏడాదే అన్నిటికంటే పెద్ద ఆటంకం. శిష్యుల చేత ఏళ్ళ తరబడి ఊడిగం చేయించుకొని ఏమీ నేర్పని దుకాణాలు ఉన్నాయన్న విమర్శ కూడా ఉంది. ఏ నెలలో ఏమి నేర్పుతారో ముందే కాగితంపై వ్రాయించుకోవడం మేలు.

చట్టాలు

అమెరికాలో నిబంధనలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. ఓరెగాన్‌లో 360 గంటల శిక్షణ తప్పనిసరి. జపానులో 1872 నుండి 1948 వరకు పచ్చబొట్టు నిషిద్ధం. వైద్య పట్టా లేకుండా పచ్చబొట్టు వేయడం నేరమన్న కేసులో, అది వైద్యవృత్తి కిందికి రాదని జపాను సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

తెలుగునాట

నల్లని మసి చర్మం క్రింద నీలిపచ్చగా కనిపిస్తుంది. పచ్చబొట్టు అన్న పేరులోని పచ్చదనం ఇదే. కొరవ స్త్రీలు ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేవారని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన గ్రంథంలో వ్రాశాడు. అది ఇంటిలో పెద్దల నుండి పిల్లలకు సంక్రమించిన విద్య; బయటివారు వచ్చి చేరినది కాదు. నేటి హైదరాబాదు, విశాఖపట్నం స్టూడియోలు ఆ పరంపరకంటే పాశ్చాత్య యంత్రాలకు, శైలులకు దగ్గర. అయితే శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన గుడ్డపై కసిమి (ఇనుపముక్కలు, బెల్లం పులియబెట్టిన ద్రవం)తో వెదురు కలం పట్టి గీసిన నల్ల గీతను కూడా తుడవడం కుదరదు. ఆ పనిలో చేయి తిరిగినవారికి గీసేముందు ఊపిరి బిగపట్టడం కొత్తగా నేర్పనక్కరలేదు.