ఎవరి శ్రుతి వారిది

సంగీత కచేరి ప్రారంభమగుటకు ముందు వేదికమీద జరుగు పనిని మీరెప్పుడైన గమనించితిరా? గాయకుడు వచ్చి కూర్చుండగనే పాట నెత్తుకొనడు. మొదట తంబురా శ్రుతి చేయుదురు. ఆ శ్రుతికి సరిపోవునట్లు ఫిడేలు తంత్రులను బిగింతురు. మృదంగమును గూడ దానికే కలుపుదురు. ఇంత ప్రయత్నమును ఎవరి కొఱకు? ఆనాడు పాడబోవు ఆ యొక్క కంఠము కొఱకే.

మన సంగీతములోని విశేష మిదియే. షడ్జమము ఇంత యెత్తున నుండవలెనని అందఱికిని ఒకే కొలత విధింపబడలేదు. ఎవరి గొంతునకు ఏ స్థాయి అనుకూలముగా నుండునో దానినే వారు ఆధారషడ్జముగా గ్రహింతురు. హార్మోనియపు మెట్లనుబట్టి దానిని ఒకటి శ్రుతి, రెండు శ్రుతి, అయిదు శ్రుతి అని వ్యవహరింతురు. సాధారణముగా పురుషులు ఒకటి శ్రుతికి దగ్గఱగాను, స్త్రీలు అయిదు శ్రుతికి దగ్గఱగాను పాడుదురు. అయిదు శ్రుతివారు గొప్పవారనియు, ఒకటి శ్రుతివారు తక్కువవారనియు సంగీతము తెలిసినవా రెవ్వరును అనరు. ఒకని హెచ్చు శ్రుతిని జూచి అసూయపడి, వేఱొకడు తన కందని శ్రుతిలో పాడబూనినచో ఏమగును? తారస్థాయిని చేరునప్పటికి గొంతు చీలిపోవును. ఎదుటివాని పాట తనకు రాదు. తన పాట తనకు దక్కదు.

జీవితమునందును ఇట్లే జరుగుచుండును. “వాడు లెక్కలలో నాకంటె మిన్న. ఆమెవలె నేను పాడలేను. వీనివలె నేను పరుగెత్తలేను” అని లోలోపల కుందు విద్యార్థులు ప్రతి తరగతిలోను ఉందురు. తమలో లేనిదానిని ఇతరులలో వెదకుటలో మునిగి, తమలో నున్నదానిని చూచుకొనుటకు వారికి తీరిక యుండదు. ఈ విషయము బోధపడుటకు మనము దూరదేశముల చరిత్రలు చదువనక్కఱలేదు. విజయనగరములోని సంగీతకళాశాలను, దానితో సంబంధముగల ముగ్గురు కళాకారులను తలంచుకొన్న చాలును.

1919వ సంవత్సరమున విజయనగర ప్రభువులైన పూసపాటి విజయరామ గజపతిరాజుగారు ఈ కళాశాలను స్థాపించిరి. వారి కొలువులోని యొక ఉద్యోగి కుమారుడు అంధుడట. అతనికి సంగీతమునందు మిక్కిలి ఆసక్తి యట. ఆ బాలునకు విద్య చెప్పించుటకై కలిగిన తలంపే కళాశాలగా రూపొందినదని చెప్పుదురు. చూపులేని బాలుని చూపుగల బాలురతో పోల్చినచో లోపము మాత్రమే కనబడును. అతని చెవిని, కంఠమును గుర్తించినప్పుడు ఎందఱికో ఆశ్రయమైన విద్యాలయము వెలసినది.

ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. వారు 1864లో బొబ్బిలి సమీపముననున్న అజ్జాడ గ్రామమున జన్మించిరి. యౌవనములో, మద్రాసునుండి వచ్చిన యొక భాగవతుడు విజయనగరమున హరికథ చెప్పగా విని ముగ్ధులైరి. తామును హరికథ చెప్పవలెనని సంకల్పించిరి. అయితే, ఆ భాగవతుని పాటను, నడకను అట్లే అనుకరించి తృప్తిపడలేదు. దాసుగారు కవి, గాయకులు, వీణావాదకులు, పెక్కు భాషలు నేర్చిన పండితులు. రెండు చేతులతోను, రెండు పాదములతోను, శిరస్సుతోను వేర్వేఱు తాళములను ఒక్కసారి ప్రదర్శింపగల లయజ్ఞానము వారిదని ప్రసిద్ధి. ఈ శక్తులన్నియు ఒక్కచోట ఇముడుటకు హరికథయే తగిన పాత్రమని వారు గ్రహించిరి. కాళ్లకు గజ్జెలు గట్టి, చేత చిరుతలు బట్టి, తాము రచించిన కథను తామే పాడుచు, ఆడుచు, అర్థము చెప్పుచు రాత్రులు గడపిరి. వారు చూచి యానందించిన కళ పరులది; దానికి వారిచ్చిన రూపము తమది. అందుచేతనే లోకము వారిని హరికథా పితామహు డని కీర్తించినది.

అదే కళాశాలలో ఫిడేలు ఆచార్యులుగా ప్రవేశించినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. వారు 1893లో బెంగుళూరునందు జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. బాల్యమునుండియు వారి చూపు మందము. ఆ కారణముచేత బడి చదువు సాగలేదు. అన్నగారు ఫిడేలు నేర్పగా, ఆ వాద్యమునే తమ్ముడు లోకముగా చేసికొనెను.

ఫిడేలు చరిత్రయు ఇచట చెప్పుకొనదగినదే. అది పడమటి దేశములనుండి వచ్చిన వాద్యము. అచట నిలుచుండి, దానిని గడ్డముక్రింద ఆనించి వాయించుట వాడుక. మనవారు నేలపై కూర్చుండి, దాని కొనను కుడిపాదముపై ఆనించి, తంత్రులను మన షడ్జ పంచమములకు శ్రుతిచేసి, గమకములు పలికించిరి. పరదేశమునుండి వచ్చిన వాద్యము సయితము ఈ నేలపై తన క్రొత్త గొంతును కనుగొన్నది. అయినను చాలకాలము దానిది పక్కవాద్యపు స్థానమే. గాయకుడు పాడినదానిని అనుసరించుటయే దాని పని. ఫిడేలు ఒంటరిగా కచేరి నంతయు నడపగలదని శ్రోతలను ఒప్పించిన అగ్రగణ్యులలో ద్వారంవారు ఒకరు. 1941లో మద్రాసు సంగీత అకాడమి వారికి సంగీత కళానిధి బిరుదము లభించినది. 1957లో పద్మశ్రీ వచ్చినది.

ఇప్పుడొకసారి ఆలోచింపుడు. దాసుగారు సభలో నిలిచి, ఆడి, పాడి, మాటాడి వేలమందిని ఊగించువారు. నాయుడుగారు ఒకచోట కూర్చుండి, నోటితో ఒక్క మాటయు లేకుండ, కమానుతో మాత్రమే పలుకువారు. “నేను దాసుగారివలె సభను ఊగింపలేనే!” అని నాయుడుగారు కుందుచు కూర్చుండినచో, ఆంధ్రులకు ఆ ఫిడేలునాదము వినుభాగ్యము కలిగెడిదా? 1936లో దాసుగారి తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులైనవారు నాయుడుగారే. పెద్దవాని పీఠమెక్కినవారు ఆ పెద్దవాని నకలు కానక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

మూడవవారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. వారు 1922లో కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమున చౌటపల్లి గ్రామములో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించిరి. బాలుడుగా నున్నప్పుడు ఒక సభలో విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోయి, నవ్వులపాలయ్యెనని వారి జీవితచరిత్రకారులు చెప్పుదురు. అట్టి అవమానము జరిగినప్పుడు మనుష్యుని ముందు రెండు దారులుండును. గెలిచినవానిని ద్వేషించుట యొకటి. తనకు రానిదేమో తెలిసికొని దానిని నేర్చుకొనుట రెండవది. ఆ బాలుడు రెండవ దారిని ఎన్నుకొనెను. చేతిలో కాసులు లేకున్నను విజయనగరము చేరి, వారములు చెప్పుకొని, మధుకరమెత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికములో సంగీతము నభ్యసించెను.

అట్లు నేర్చిన శాస్త్రీయసంగీతమును ఆయన కచేరివేదికకు పరిమితము చేయక చలనచిత్రములకు తెచ్చిరి. కచేరిలో ఒక రాగమును గంటసేపు విస్తరింపవచ్చును. ఆ కాలపు గ్రామఫోను పలకమీద ఒక ప్రక్కకు సుమారు మూడు నిమిషములే వ్యవధి. ఆ మూడు నిమిషములలో రాగము తెలియవలెను. మాట స్పష్టముగా వినబడవలెను. పాత్ర మనస్సు కనబడవలెను. నాటకరంగమున పద్యము పాడు నటులు చివరి వరుసవారికి వినబడుటకై గొంతెత్తి, దీర్ఘముగ రాగము తీయువారు. ఘంటసాలవారు మైకు ముందు పద్యభావమునకు తగినంత రాగమునే చేర్చి పాడిరి. అది క్రొత్త మార్గమైనది. ‘మాయాబజారు’ (1957), ‘లవకుశ’ (1963) వంటి చిత్రములను చూచిన వారికి దాని గొప్పతనము తెలియును. 1974లో వారు కీర్తిశేషులైరి. ఆ కంఠము నేటికిని తెలుగుల యిండ్లలో వినవచ్చుచునే యున్నది.

ఒకే పట్టణము, ఒకే సంగీతము, అవే సప్తస్వరములు. దారులు మాత్రము మూడు. ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప అని అడుగుట తగునా? కొబ్బరిచెట్టును నీడకొఱకును, మఱ్ఱిచెట్టును కాయలకొఱకును పరీక్షించినచో రెండును ఓడిపోవును. తప్పు చెట్లది కాదు, పరీక్షది.

అయితే, ఇచట ఒక హెచ్చరిక అవసరము. “నా తీరు నాది” అని చెప్పి శ్రమను తప్పించుకొనుట వ్యక్తిత్వము కాదు. శ్రుతి మన యిష్టము. స్వరము మన యిష్టము కాదు. తన శ్రుతి తనదని చెప్పుచు స్వరము తప్పి పాడువానిని ఎవ్వరును మెచ్చరు. దానిని అపశ్రుతి యందురు. దాసుగారును, నాయుడుగారును, ఘంటసాలవారును సరళీస్వరములనుండి సాధన చేసినవారే. పరీక్షలో వచ్చిన మార్కులును అట్టివే. ఆ పాఠము మనకు ఎంతవఱకు వచ్చినదో అవి తెలుపును. దానిని తెలిసికొని లోపము దిద్దుకొనవలెను. మన విలువ యెంతయో తెలుపుట మాత్రము వాని పని కాదు.

ఇతరులను చూడవలదనియు దీని భావము కాదు. చూచుటలో రెండు విధములు కలవు. “ఆయన ఎట్లు చేసెను?” అని చూచువాడు విద్యార్థి. “ఆయనకంటె నేనెంత తక్కువ?” అని చూచువాడు దుఃఖార్థి. మొదటివానికి ప్రతి ప్రతిభావంతుడును గురువగును. రెండవవానికి ప్రతి మిత్రుడును శత్రువుగా కనబడును.

మఱి మన శ్రుతి యేదో మనకెట్లు తెలియును? అది ఒక్కనాటిలో తెలియునది కాదు. మీ వయస్సు బాలురకు గొంతు మాఱు వయస్సు. నిన్నటివఱకు హెచ్చు శ్రుతిలో తేలికగా పాడినవాడు కొన్ని నెలలలో ఆ స్థాయి నందుకొనలేడు. మాట సయితము బొంగురుపోవును. బుద్ధిమంతుడైన గురువు అప్పుడతనిని బలవంతపెట్టడు. శ్రుతి తగ్గించి, గొంతు నిలకడకు వచ్చువఱకు ఓర్పుతో సాధన చేయించును. మనస్సును, శక్తులును గూడ ఈ వయస్సున అట్లే మాఱుచుండును. కావున “నేనెందుకును కొఱగాను” అని ఇప్పుడే తీర్పు చెప్పుకొనుట తొందరపాటు. ఏ పని చేయునప్పుడు కాలము తెలియదో, ఎవరును చెప్పకున్నను ఏ పని చేయబుద్ధి పుట్టునో దానిని గమనింపుడు. ఉపాధ్యాయుల నడుగుడు. పదిరకముల పనులు చేసి చూడుడు.

పోల్చుకొనక తప్పదనిపించినప్పుడు, పోల్చుకొనదగిన వ్యక్తి యొకడు ఎల్లప్పుడును మీ దగ్గఱనే యుండును. వాడు నిన్నటి మీరే. నిన్న రాని లెక్క నేడు వచ్చినదా? నిన్న తడబడిన పద్యము నేడు తడబాటు లేక వచ్చినదా? వచ్చినచో మీ పాట ముందునకు సాగుచున్నదన్నమాట.